కింది ప్రకటన చదివి తీర్మానాన్ని గుర్తించండి

చిక్కడపల్లి లైబ్రరీలో ఏ బల్ల మీద చూసినా కనిపించే రీజనింగ్ పుస్తకాల్లో ఇలాంటి బిట్ ఒకటి తప్పకుండా ఉంటుంది. ప్రకటన: ‘ఈ ఏడాది బడ్జెట్‌లో ప్రభుత్వాసుపత్రులకు నిధులు పెంచారు.’ తీర్మానం ఒకటి: ఆసుపత్రులు బాగుపడతాయి. తీర్మానం రెండు: నిరుడు ఆసుపత్రులను పట్టించుకోలేదు. మొదటిదే సరైనదా, రెండోదే సరైనదా, రెండూనా, రెండూ కాదా?

గ్రూప్స్‌కు చదివే కుర్రాడు పెన్సిల్ ఎత్తకుండానే చెబుతాడు, రెండూ కాదని. ఎందుకయ్యా అంటే, ‘పెంచారన్నారు గానీ ఖర్చుపెట్టారని అనలేదు కదా సార్. ఖర్చుపెట్టినా మందులకో, గోడలకు సున్నానికో తెలీదు. నిరుటి సంగతి అసలు ప్రకటనలోనే లేదు. ఇచ్చినదాంట్లోంచి తప్పనిసరిగా వచ్చేదే తీర్మానం. బయటి నుంచి తెచ్చుకున్నామా, పోయినట్టే’ అంటాడు. బ్యాంకు పరీక్షల్లో తప్పు జవాబుకు పావు మార్కు కోత. ఆ పావు మార్కు దగ్గర ఉద్యోగం జారిపోయినవాళ్లు అశోక్‌నగర్ హాస్టళ్లలో గదికి ఇద్దరు చొప్పున తగులుతారు.

అదే ప్రకటన ఫిబ్రవరి ఒకటో తారీఖున మైకులోంచి వచ్చిందనుకోండి. అధికార పక్షం మొదటి తీర్మానానికి టిక్కు పెట్టి బల్లలు చరుస్తుంది. ప్రతిపక్షం రెండోదానికి టిక్కు పెట్టి, ‘అంటే నిరుడు మీరు చేసిందేమీ లేదని ఒప్పుకున్నట్టేగా’ అని లేస్తుంది. టీవీ యాంకరు రెండింటికీ టిక్కు పెట్టి, ఆసుపత్రి యూనియన్ నాయకుణ్నీ స్టాక్ మార్కెట్ నిపుణుణ్నీ పక్కపక్క గడుల్లో కూర్చోబెట్టి కొట్టుకోమంటాడు. కోత ఎవరికీ లేదు. గుమాస్తా ఉద్యోగానికి తప్పనిసరైన తర్కం, గుమాస్తా జీతాల పద్దు చదివే పెద్దలకు మాత్రం ఐచ్ఛికం.

అంకెలు తప్పు చెబుతారని నా ఫిర్యాదు కాదు. అంకెలు తప్పు చెప్పడం పాతకాలపు మొరటు పని, ఇప్పుడెవరూ చేయరు. అంకె నిఖార్సుగా చెబుతారు. దాని వెనక ఒక ‘కాబట్టి’ తగిలిస్తారు. దొంగతనమంతా ఆ ‘కాబట్టి’లోనే.

2021 ఫిబ్రవరి 1 సంగతే చూడండి. కరోనా మొదటి అల తగ్గింది, రెండోది ఇంకా రాలేదు. నిర్మలా సీతారామన్ గారు ఎర్రటి బహీఖాతా సంచీలో టాబ్లెట్ పెట్టుకుని వచ్చి చదివారు: ఆరోగ్యం, శ్రేయస్సుకు రూ. 2,23,846 కోట్లు, నిరుడు రూ. 94,452 కోట్లు, పెరుగుదల 137 శాతం. మర్నాడు పేపర్లన్నింటా 137 అంకె అరచేయంత సైజులో పడింది. ఆరోగ్య బడ్జెట్ రెండింతలు దాటిందని దేశం గుండె మీద చేయి వేసుకుంది.

ఆ అంకె విడివిడి భాగాలు ప్రసంగానికి తగిలించిన అనుబంధంలో పట్టికగా ఉన్నాయి. దాచలేదు, పాపం. ఎవరూ పేజీ తిప్పరన్న నమ్మకం ఉన్నవాళ్లకు దాచాల్సిన పనేముంది? తిప్పితే ఇలా ఉంటుంది. ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖకు 71,269 కోట్లు. మంచినీళ్లు, పారిశుద్ధ్యం శాఖకు 60,030. ఆర్థిక సంఘం సిఫార్సు మీద నీళ్లకు, పారిశుద్ధ్యానికి వెళ్లే గ్రాంటు 36,022. కోవిడ్ టీకాలకు 35,000. ఆర్థిక సంఘం ఆరోగ్య గ్రాంటు 13,192. తక్కినవి ఆయుష్, పరిశోధన, పోషణ. అంటే ‘ఆరోగ్యం, శ్రేయస్సు’లో 43 శాతం కుళాయిలు, మరుగుదొడ్లు. నిరుటి వరసలో టీకాల గడిలోనూ ఆర్థిక సంఘం గ్రాంట్ల గడిలోనూ చిన్న గీత గీసి వదిలేశారు. ఒకవైపు గీత, ఇంకోవైపు వేల కోట్లు. శాతం ఉబ్బక ఏమవుతుంది?

మంచినీళ్లు ఆరోగ్యం కాదా అని అడిగేవాళ్లున్నారు. ఔను, మహరాజులా ఆరోగ్యమే. ఆ లెక్కన గుంతలు లేని రోడ్డు నడుముకు ఆరోగ్యం, జాతీయ రహదారులు కూడా కలిపేస్తే ఇంకా పెద్ద శాతమే చూపించవచ్చు. అదే పట్టికలో పోషణ గడి 3,700 కోట్ల నుంచి 2,700 కోట్లకు పడింది. 137 శాతం పెరిగిన ఇంట్లో పిల్లల పళ్లెం చిన్నదయిందన్నమాట! అని నేను ఇక్కడ ఒక చప్పట్ల వాక్యం రాసేయొచ్చు. రాయను. ఆ ఏడాదే పోషణ పథకాలను కలిపేసి కొత్త పేరు పెట్టారు, కాబట్టి ఆ గడి ఒక్కటే చూసి పళ్లెం తగ్గిందనడమూ రీజనింగ్ కుర్రాడు ఒప్పుకోని జవాబే.

ఇంతకీ శాఖ సంగతేమిటి, పెరిగిందా తగ్గిందా? నాకు ఈ ప్రశ్నంటే మహా ఇష్టం. నిరుటి తొలి అంచనా 65,012 కోట్లు. దాంతో పోలిస్తే 71,269 అంటే 9.6 శాతం పెరుగుదల. నిరుటి సవరించిన అంచనా 78,866 కోట్లు. దాంతో పోలిస్తే అదే 71,269 అంటే 9.6 శాతం కోత. దశాంశంతో సహా సమానం! దేవుడు చేసిన అంకె. అధికార పక్షం ఎంపీ ప్లస్ గుర్తు పట్టుకుని ఒక చానెల్‌కి, ప్రతిపక్షం ఎంపీ మైనస్ గుర్తు పట్టుకుని ఇంకో చానెల్‌కి వెళ్లొచ్చు. ఇద్దరూ నిజమే చెబుతారు, ఇద్దరి ‘కాబట్టి’ తప్పే. సవరించిన అంచనాలో కరోనా అత్యవసర ఖర్చు కలిసి ఉంది గనుక కోత అన్నమాట నిలవదు. కరోనా తెలియని రోజుల్లో వేసిన తొలి అంచనాతో పోల్చారు గనుక పెంపు అన్నమాటకూ విలువ లేదు. అయితే ఏం తేలింది? ఈ ఒక్క అంకెతో ఏమీ తేలదని తేలింది. ‘ఏమీ తేలదు’ అనే నిపుణుణ్ని మాత్రం ఏ చానెల్ వాడూ రెండోసారి పిలవడు.

ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజన్ సిలిండర్ కోసం పరుగెత్తినవాళ్లకు ఆ 137 శాతం ఏ వార్డులో ఉందో కనిపించలేదు. (ఇది కూడా పక్కా తీర్మానం కాదు. ఆ పద్దు మొదలైందే ఏప్రిల్ 1న. కుర్రాడు పక్కనే ఉన్నాడు, ఊరుకోవడం లేదు.)

ఉపాధి హామీ కథ ఇంతకన్నా రుచికరం. 2023-24కు కేంద్రం 60,000 కోట్లు పెట్టింది. అంతకు ముందటేడు సవరించిన అంచనా 89,400 కోట్లు. మూడో వంతు కోసేశారని ఎర్ర జెండాలు లేచాయి. మరుసటేడు, అంటే 2024 ఎన్నికల ముందు, 86,000 కోట్లు పెట్టారు. 43 శాతం పెంచామని కాషాయ జెండాలు లేచాయి. మధ్యలో జరిగిందేమిటంటే, 60,000 చాలక ఆ ఏడాదిలోనే సవరించి 86,000 చేశారు. అంటే కొత్త 86,000 పాత 86,000కి సమానం. పెరిగింది సున్నా. ముందు చిన్న గీత గీసి, తర్వాత దాని పక్కన మామూలు గీత గీసి, చూశారా ఎంత పొడవో అన్నారు. పైగా అప్పటి ఉపాధి హామీ చట్టం ప్రకారం పని అడిగినవాడికి 15 రోజుల్లో పని చూపించాల్సి ఉండేది, లేకుంటే భృతి ఇవ్వాల్సి వచ్చేది. అడిగేవాళ్లను బట్టి ఖర్చు గానీ పద్దును బట్టి పని కాదు. కాబట్టి పద్దు తగ్గితే పని తగ్గిందని గానీ, పెరిగితే పేదల మీద ప్రేమ పెరిగిందని గానీ అర్థం కాదు. పద్దు తగ్గితే కూలి డబ్బులు ఆలస్యమయ్యే ప్రమాదం ఉండేది. అసలు అడగాల్సింది అదే. అందులో శాతాలు లేవు గనుక హెడ్డింగు కుదరదు.

ఆహార సబ్సిడీ 2020-21లో 1,15,570 కోట్ల అంచనాతో మొదలై, సవరణలో 4,22,618 కోట్లు దాటి, లెక్క తేలేసరికి 5,41,330 కోట్లయింది. జనం నాలుగున్నర రెట్లు అన్నం తిన్నారా? కొంత కరోనాలో ఇచ్చిన ఉచిత బియ్యం. చాలా వరకు, అంతకు ముందు ఏళ్ల తరబడి ఆహార సంస్థ ఎఫ్‌సీఐ చేత చిన్న మొత్తాల పొదుపు నిధి నుంచి అప్పు చేయించి బడ్జెట్ బయట పెట్టిన బాకీ తీర్చడం. ఖర్చు పెరగలేదు, ఖర్చు బయటపడింది. రాష్ట్రాలు ఇదే పని కార్పొరేషన్ల పేరు మీద చేస్తే, 2022లో ఇదే కేంద్రం ‘అవ్వ!’ అని ముక్కున వేలేసుకుని, ఆ అప్పుల్ని రాష్ట్రాల రుణ పరిమితిలో కోసింది. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ.

రాష్ట్రాల దగ్గరికి వచ్చాం గనుక అసలు సంగతి చెప్పుకోవాలి. ప్రతి పద్దుకూ మూడు అంకెలుంటాయి: అంచనా, సవరించిన అంచనా, వాస్తవ లెక్క. మొదటిది కోరిక, రెండోది మొహమాటం, మూడోది నిజం. కోరికను అందరూ హెడ్డింగులో పెడతారు. మొహమాటం పేజీ చివర సన్న అక్షరాల్లో ఉంటుంది. నిజం రెండేళ్ల తర్వాత కాగ్ నివేదికలో వస్తుంది. అప్పటికి ఆ మంత్రి ప్రతిపక్షంలోనో ఇంకో పార్టీలోనో ఉంటారు.

2023 ఫిబ్రవరి 6న హరీశ్‌రావు గారు తెలంగాణకు రూ. 2,90,396 కోట్ల బడ్జెట్ పెట్టారు. ఏడాది తిరిగి, ప్రభుత్వం మారి, భట్టి విక్రమార్క గారు ఓటాన్ అకౌంట్ పెట్టేసరికి అదే ఏడాది సవరించిన అంచనా రూ. 2,24,625 కోట్లకు దిగింది. దాదాపు 66 వేల కోట్లు గాలిలో కలిశాయి, కాదు, గాలిలోనే ఉండేవి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. సరే, పాత ప్రభుత్వం కాకి లెక్కలు వేసిందనుకుందాం. కాకిని తరిమిన కొత్త ప్రభుత్వం ఆ జూలైలో పెట్టిన పూర్తి బడ్జెట్ ఎంత? రూ. 2,91,159 కోట్లు! ‘వాస్తవిక బడ్జెట్’ అన్నారు. పాత అంచనాతో పోలిస్తే పెరిగింది 763 కోట్లు, అంటే పావు శాతం. పాత సవరణతో పోలిస్తే పెరిగింది 66,534 కోట్లు, అంటే దాదాపు 30 శాతం. సంక్షేమానికి పొంగిపోయామని చెప్పాలంటే 30 పట్టుకోవాలి, పొదుపరులమని చెప్పాలంటే పావు పట్టుకోవాలి. ఒకే పుస్తకంలో రెండూ దొరుకుతాయి. ఇంత సౌకర్యం బంగారు కొట్లో కూడా ఉండదు.

తెలంగాణలోనే దళితబంధు పథకానికి 2022-23లో 17,700 కోట్లు, 2023-24లో 17,700 కోట్లు పెట్టారు. వరసగా రెండేళ్లు ఒక్క కోటి అటూ ఇటూ లేకుండా అదే అంకె ఎలా వచ్చిందని సభలో గట్టిగా నిలదీయాల్సింది. దానికి బదులు, ‘దేశంలో ఏ రాష్ట్రమైనా దళితులకు ఇంత కేటాయించిందా’ అన్న సవాలు మోగింది. కేటాయించలేదు, నిజమే. కేటాయింపుల పోటీలో తెలంగాణదే మొదటి బహుమతి. బహుమతి అందుకోవడానికి లబ్ధిదారులు ఎంతమంది వేదిక మీదికి వచ్చారన్నది వేరే ప్రశ్న.

రికార్డుల గొడవ ఒకటి. 2025 ఫిబ్రవరి 28న పయ్యావుల కేశవ్ గారు రూ. 3,22,359 కోట్లు, మార్చి 19న భట్టి గారు రూ. 3,04,965 కోట్లు చదివారు. మూడు లక్షల కోట్ల మైలురాయి అని రెండు రాష్ట్రాల్లోనూ పండగ. ధరలు ఏటేటా పెరిగే దేశంలో ప్రతి బడ్జెటూ రికార్డే. రికార్డు కాని బడ్జెట్ పెట్టడానికే కొంత ప్రతిభ కావాలి.

ఇక అప్పులు. తెలుగువాడికి సినిమా, రాజకీయం తర్వాత ఇష్టమైన విషయం ఎదుటివాడి ప్రభుత్వం చేసిన అప్పు. 2023 డిసెంబర్ 20న తెలంగాణ అసెంబ్లీలో శ్వేతపత్రం పెట్టారు. మొత్తం అప్పు రూ. 6,71,757 కోట్లు. నాలుగు రోజులకు తెలంగాణ భవన్‌లో కేటీఆర్ గారు స్వేదపత్రం పెట్టారు. తమ హయాంలో చేసిన అప్పు రూ. 3,17,015 కోట్లే. సగానికి సగం తేడా! ఒకరు అబద్ధం చెబుతున్నారు, ఎవరో చెప్పండి అని రాష్ట్రమంతా టీ కొట్ల దగ్గర జుట్లు పట్టుకుంది.

ఎవరూ కాదు. శ్వేతపత్రంలో పూర్తి విభజన ఉంది. రాష్ట్ర ప్రభుత్వం నేరుగా చేసిన, చట్టం పరిమితిలోకి వచ్చే అప్పు 3,89,673 కోట్లు. కార్పొరేషన్లు గ్యారంటీ మీద తెచ్చి, ఖజానాయే కట్టాల్సినవి 1,27,208 కోట్లు. గ్యారంటీ ఉన్నా కార్పొరేషన్లే కట్టుకోవాల్సినవి 95,462 కోట్లు. గ్యారంటీ కూడా లేనివి 59,414 కోట్లు. నాలుగూ కలిపితే 6,71,757, సరిగ్గా. కేటీఆర్ గారు మొదటి ముక్క ఒక్కటే తీసుకుని, రాష్ట్రం పుట్టేనాటికి నెత్తిన ఉన్న 72,658 కోట్లు తీసేశారు: 3,17,015, సరిగ్గా. ఒకరు ‘ఇవాళ రాష్ట్రం పేరు ఎక్కడెక్కడ అప్పు పత్రాల మీద ఉంది’ అన్న ప్రశ్నకు జవాబిచ్చారు. ఇంకొకరు ‘మేం వచ్చాక నేరుగా ఖజానా మీద ఎంత వేశాం’ అన్న ప్రశ్నకు జవాబిచ్చారు. రెండు ప్రశ్నలు, రెండు సరైన జవాబులు. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టి, ముడి బిగియడం లేదేమని చర్చ. ఖజానా నిజంగా కట్టాల్సింది ఎంత అనే మూడో ప్రశ్న వేసుకుంటే మొదటి రెండు ముక్కలూ కలిపి దాదాపు 5.17 లక్షల కోట్లని ఆ కాగితంలోంచే వస్తుంది. అది ఏ పార్టీకీ పనికిరాదు. ఒకరికి మరీ తక్కువ, ఇంకొకరికి మరీ ఎక్కువ. కాబట్టి దానికి పత్రం లేదు, ప్రెస్‌మీట్ లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో అప్పు కన్నా ముందు శ్రీలంక వచ్చింది. 2022 ఏప్రిల్ 12న శ్రీలంక విదేశీ అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది. ఆ రోజుల్లోనే మన తెలుగుదేశం నాయకులకు తాడేపల్లిలో కొలంబో కనిపించసాగింది. ప్రకటన: శ్రీలంక అప్పు చేసి మునిగింది, ఆంధ్ర అప్పు చేస్తోంది. తీర్మానం: ఆంధ్ర శ్రీలంక అవుతుంది. శ్రీలంక కట్టాల్సింది డాలర్లలో. డాలర్లు దాని దగ్గర లేవు. ఆంధ్రప్రదేశ్ మంగళవారం మంగళవారం ఆర్‌బీఐ వేలంలో తెచ్చుకునేది రూపాయల్లో. అదీ రాజ్యాంగం 293వ అధికరణ కింద కేంద్రం అనుమతిచ్చిన మేరకు. ఇందులో మునగడానికి దారులు చాలానే ఉన్నాయి, జీతాలు పదిహేనో తారీఖుకు పడటం, కాంట్రాక్టర్ల బిల్లులు మూలగడం వగైరా. పెట్రోలు బంకు ముందు కొలంబో క్యూ మాత్రం వాటిలో లేదు.

ఆ తర్వాత? తెలుగుదేశం అధికారంలోకి వచ్చి 2024 జూలైలో పెట్టిన శ్వేతపత్రం ఆంధ్ర అప్పు 9.74 లక్షల కోట్లంది. అంతకు ముందు సభల్లో వినబడిన అంకెలు దీనికన్నా లావు. సరే, లంక అంచున ఉన్న రాష్ట్రం అర్జెంటుగా ఏం చేయాలి? ఎన్నికల్లో సూపర్ సిక్స్ పేరుతో ఆరు హామీలు ప్రకటించాలట! ఉచితాల వల్ల మునుగుతున్నామన్న వాదన చేసినవాళ్లే ఇంకాసేపు మునిగే కార్యక్రమం మేనిఫెస్టోలో పెట్టారు. అటు వైపు, ‘అప్పులు ఏ రాష్ట్రం చేయడం లేదు? వాటితో పేదల ఇళ్లు వెలిగాయి’ అని అయిదేళ్లు చెప్పిన వైసీపీ వాళ్లకు ఓడిన మర్నాటి నుంచి అప్పు పాపమని తెలిసొచ్చింది. ఇప్పుడు ప్రతి మంగళవారం వాళ్లు లెక్కపెడుతున్నారు. వాదన పార్టీ కార్యాలయం సామాను లాంటిది కాబోలు, అధికారం పోయినవాళ్లు ఖాళీ చేసి వెళ్తే వచ్చినవాళ్లు అదే కుర్చీ వాడుకుంటారు.

‘పుట్టబోయే ప్రతి బిడ్డ నెత్తిన లక్ష అప్పు’ అన్న మాట కూడా ఈ బాపతే. మొత్తం అప్పును జనాభాతో భాగించడం మూడో తరగతి లెక్క. కానీ ఆ బిడ్డకు ఫ్లైఓవర్‌లో, కాలువలో, మెట్రో స్తంభంలో తలా కొంచెం వాటా ఉందని ఎవరూ భాగించరు. భాగించినా, కుంగిన బ్యారేజీ వాటా పంచేటప్పుడు బిడ్డ ఏడుస్తుంది.

ఆదాయం సంగతి. 2016-17లో తెలంగాణ తనకు 1,386 కోట్ల రెవెన్యూ మిగులు ఉందని చూపించింది. కాగ్ వచ్చి, ఒకచోట రాయాల్సినవి ఇంకోచోట రాయడం వల్ల అలా కనిపించింది గానీ సరిగ్గా రాస్తే 5,392 కోట్ల లోటు అని తేల్చింది. ధనిక రాష్ట్రమన్న బిరుదుకు భంగమేమీ రాలేదు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్‌లో ఎకరం రూ. 100.75 కోట్ల దాకా పలికింది, 45 ఎకరాలకు రూ. 3,319 కోట్లు. అదే నెలలో 2,620 మద్యం దుకాణాల కోసం లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు, ఒక్కోదానికి తిరిగిరాని రెండు లక్షల రుసుము, వెరసి రూ. 2,600 కోట్లు దాటింది. దుకాణం రాని లక్షకు పైగా దరఖాస్తుల నష్టం ఖజానాకు ఆదాయం. అదే ఏడాది ఔటర్ రింగ్ రోడ్డు 30 ఏళ్ల టోలు రూ. 7,380 కోట్లకు ముందే తీసేసుకున్నారు. ‘చూశారా, తెలంగాణ భూమి విలువ, మా పాలన మీద నమ్మకం’ అన్నారు. ఎకరం వంద కోట్లకు పోయిందంటే దాంట్లోంచి తప్పనిసరిగా వచ్చే తీర్మానం ఒక్కటే, ఆ ఎకరం ఇక మనది కాదు.

నాయకుల్ని ఇంతసేపు తిట్టాను గనుక ఇప్పుడు మన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుకు వద్దాం. నల్లగండ్లలోనో మధురవాడలోనో ఏ గేటెడ్ కమ్యూనిటీలోనైనా వారానికోసారి వచ్చే సందేశం: ‘దేశంలో ఆదాయపు పన్ను కట్టేది గుప్పెడు మంది. మా కష్టార్జితంతో వీళ్లకు ఉచిత బస్సులా?’ కింద ఇరవై బొటనవేళ్లు, రెండు త్రివర్ణ పతాకాలు. రాసినాయన కాలేజీలో తర్కం చదివి ఉంటాడు, సాఫ్ట్‌వేర్‌లో రోజూ అదే పని. అయినా ‘పన్ను’ అంటే తన ఫారం 16లో ఉన్నదొక్కటే అనుకుంటాడు. అది వెళ్లేది కేంద్రానికి. దాంట్లోంచి రాష్ట్రాలన్నింటికీ 41 శాతం. 2021-26 మధ్య అందులో తెలంగాణ వాటా 2.102 శాతం, ఆంధ్ర వాటా 4.047 శాతం. ఆయన పన్నులో మన ఆర్టీసీ బస్సు డీజిల్ దాకా చేరేది చుక్కలే. రాష్ట్ర ఖజానాను నింపేవి జీఎస్టీ, పెట్రోలు మీద వ్యాట్, రిజిస్ట్రేషన్లు, మద్యం. అడ్డా కూలీ సాయంత్రం కొనే క్వార్టర్ సీసా ధరలో సగానికి పైగా పన్నే. మన సాఫ్ట్‌వేర్ అన్నయ్య శ్లాబు ఎంత పైకి పోయినా అంత ఉండదు. ఆ కూలీ భార్య ఉచితంగా బస్సెక్కితే, టికెట్ డబ్బులు నిన్న రాత్రే వైన్‌షాపు కౌంటర్లో కట్టేసి ఉండొచ్చు. అందరి భారం కూలీయే మోస్తున్నాడనీ దీన్నుంచి రాదు లెండి. కానీ వాట్సాప్‌లో ఎవరు ఎవర్ని పోషిస్తున్నారో అంత గట్టిగా రాయడానికి లెక్క సరిపోదు.

ఇదే ఊపులో, ‘రూపాయి కేంద్రానికి ఇస్తే నలభై పైసలే తిరిగొస్తున్నాయి’ అని తెలంగాణలో గులాబీ వాళ్లూ కాంగ్రెస్ వాళ్లూ పోటీ పడి చెబుతారు. కంపెనీ పన్ను, రిజిస్టరైన ఆఫీసు ఉన్నచోట లెక్కకొస్తుంది. సబ్బు కరీంనగర్‌లో అరిగింది, పన్ను ముంబైలో పడింది. కాబట్టి మనం ‘ఇచ్చిన’ రూపాయి ఎంతో ఎవరికీ కచ్చితంగా తెలీదు. నలభై పైసలు ఇరవైయ్యో అరవైయ్యో కూడా కావచ్చు. గట్టి ఫిర్యాదు ఒకటుంది: సెస్సులు, సర్‌చార్జీలు పంచాల్సిన పళ్లెంలో పడవు, కేంద్రం అవి పెంచుకుంటూ పోతే 41 శాతం అన్నమాట కాగితం మీదే మిగులుతుంది. ఇది చెప్పడానికి రెండు వాక్యాలు పడుతుంది. ఫ్లెక్సీ మీద ఒకటే పడుతుంది.

మరి ఈ పద్దుల్ని వాక్యం వాక్యం విప్పి చూడటానికి చట్టసభలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. 2023 మార్చి 23న లోక్‌సభ ముందు దాదాపు రూ. 45 లక్షల కోట్ల పద్దులున్నాయి. ఒకవైపు అదానీ మీద జేపీసీ వేయాలని గొడవ, మరోవైపు రాహుల్ గాంధీ లండన్ మాటలకు క్షమాపణ చెప్పాలని గొడవ. రైల్వేలు, వ్యవసాయం, ఆరోగ్యం, ఉపాధి హామీ అన్నింటినీ ఒక్కటిగా కట్టి, చర్చ లేకుండానే ఓటుకు పెట్టారు. మర్నాడు ఫైనాన్స్ బిల్లు 64 సవరణలతో వచ్చింది. దానికీ అదే మర్యాద. కేటాయింపు పెరిగిందా తగ్గిందా, అంచనాతో పోల్చాలా సవరణతో పోల్చాలా అని గొంతు చించుకున్న ఆ వర్గమూ ఈ వర్గమూ ఆ పూట సభలోనే ఉన్నాయి. నినాదాలు ఇచ్చేవాళ్లు ఇస్తూ ఉన్నారు, అవునన్నవాళ్లు అవునన్నారు, ఆమోదం పొందిందని స్పీకర్ గారు ప్రకటించారు.